చేయి ఎంతవరకు లేస్తుంది

నారాయణఖేడ్,
12 జనవరి 2025.

నా చెల్లెలు రుక్సానాకు,

నీ ఇల్లు చల్లగా ఉండాలని ఫజర్ నమాజులో అడిగి, ఆ చాప మడవక ముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. పొద్దున్నే కంగ్టి వైపు ఆటో తీయాలంటే మా ఆయనకు, అదే మీ దూల్హాభాయి గులాం నబీకి ఇంజనుతో పావుగంట కొట్లాట. కందుల కోతలు కాబట్టి కూలీలతో ఆటో నిండుతోంది, అదొక్కటి నయం. మా యుస్రా డిగ్రీ రెండో ఏడుకు వచ్చింది. తలెత్తకుండా చదువుతుంది, తలెత్తితే నన్ను తిడుతుంది.

ఈ సంగతి ఫోన్‌లో రాయొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఫోన్ అందరిదీ. నీతో చెప్పుకునే మాటలు తండ్రీ కూతుళ్లు చదవడం నాకు ఇష్టం లేదు. నీకు పదహారో ఏట జ్వరంతో చెవులు పోయినప్పటి నుంచి మనిద్దరికీ కాగితమే మాట. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, సర్కారు బడిలో దిద్దిన తెలుగే మనకు చేతికి వస్తుంది. నీ ఉత్తరాలన్నీ నా రేకు పెట్టెలో ఉన్నాయి.

ఇక అసలు మాట. కుడి రొమ్ము తీసేసి, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని ఏడాది దాటింది. చంకలో గడ్డలు కూడా తీశారు కదా, అప్పటి నుంచి నీరు దిగక కుడి చేయి వాచిపోయింది. కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ తీయనే లేదు. ఐదేళ్లపాటు రోజూ ఒక గోళీ వేసుకోవాలి. ఒక్క రోజు తప్పినా జబ్బు మళ్లీ తలెత్తవచ్చని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. నవంబరు నడుమ పెద్ద దవాఖానకు వెళ్లినప్పుడు రెండు నెలలకు సరిపడా తెచ్చుకున్నాను. ఆ గోళీ ఇక్కడ దొరకదు, ఆటో సంపాదన దానిదాకా సాగడం లేదు. అప్పుడే అక్కడి నర్సమ్మ నా చేయి చూసి, "గింత వాచిన చెయ్యికి వికలాంగుల సదరం సర్టిఫికెట్ ఇస్తరు. పింఛను వస్తది. ఎప్పుడన్న అడిగినవా?" అన్నది. నేను ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగలేదని నీకు తెలుసు.

మొన్న మీసేవకు వెళ్లాను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే బస్వరాజ్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని అంతా వెతికాడు. "అక్కా, గిండ్ల ఇరవై ఒక్క తీర్లు ఉన్నయి గని క్యాన్సర్ అన్నదే లేదు. కన్ను, చెవి, కాలు, చెయ్యి... నీకు ఏం పోయింది, గది చెప్పు" అన్నాడు.

నాకు పోయినది వాళ్ల కంప్యూటరులో ఉండదు. అది అక్కడ ఎట్లా చెప్పను? "ఏం పోలేదు" అన్నాను.

వెనక నిలబడ్డ ముసలాయన బాలప్ప కర్ర నేలకు కొట్టి, "ఏం పోకపోతే ఏం పింఛనమ్మా? కాళ్లు పోయినోళ్లనే ఎక్కువ తిప్పుతరు ఈడ!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరకు బస్వరాజే నా చేయి చూసి, చేయి అని రాసి అర్జీ పెట్టాడు. జబ్బు పేరు కాదట, జబ్బు వల్ల పని చేయకుండా పోయిన అవయవాన్ని చూస్తారట. నూటికి నలభై పాళ్లు పోయి ఉంటేనే పింఛను. తేదీ ఫోనుకు వస్తుందన్నాడు.

నీకు చెవుల సర్టిఫికెట్ ఉంది కదా. అక్కడ ఏమడుగుతారో రాయి. నీ దుకాణం నుంచి కుడి చేతికి ఆకుపచ్చ గాజులు పంపు. పాతవి పట్టడం లేదు, రెండు పది సైజు కావాలి. ఎడమ చేతికి అక్కర్లేదు.

మరిది అనీస్‌కు సలాం చెప్పు.

నీ ఆపా,
హుస్నా


బోధన్,
21 జనవరి 2025.

ఆపా,

ఉత్తరం అందింది. సలాములన్నీ అయ్యాయనుకో, నాకు ఓపిక లేదు.

కుడి చేతికి రెండు పది ఏమిటి? నీ మణికట్టు రెండు నాలుగు. పదిహేనేళ్లుగా గాజులు తొడుగుతున్నదాన్ని, చూడకుండా చెప్పగలను. ఒక మనిషికి రెండు చేతులకు రెండు సైజులు నేను ఇంతవరకు అమ్మలేదు. అంత వాచిందని ఒక్క ఉత్తరంలోనైనా రాశావా? "జర బరువుగా ఉంది" అని రాశావు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాకు వినబడదని తెలిసినవాళ్లు దుకాణంలో ఇంకా గట్టిగా అరుస్తారు. అరిచినకొద్దీ నోరు పెద్దగా తెరుస్తారు. బోధన్‌లో ఎవరికి ఏ పన్ను పుచ్చిందో పళ్ల డాక్టరు కన్నా నాకు బాగా తెలుసు. అనీస్ చేతులతో సైగ చేసి అంటాడు, "గాజులు ఆపి పళ్లు పీకు, లాభముంటది" అని.

సదరంలో ఎక్కువ సేపు చూడరు. వందమంది ఉంటారు. చేయి లేపమంటారు, వంచమంటారు, పిడికిలి బిగించమంటారు. ఒక్కటే చెబుతున్నా, గుర్తుపెట్టుకో. నీ సబర్, ఆ ఓర్పంతా అక్కడ చూపించకు. లేపమనగానే లేపకు. ఎట్లున్నావంటే బాగున్నాననకు. అన్నావంటే పని అయిపోయినట్టే.

గోళీలు మాత్రం ఆపకు.

రుక్సానా


నారాయణఖేడ్,
2 ఫిబ్రవరి 2025.

రుక్సానాకు దువాలతో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదవకపోయినా బాగుండేది.

గురువారం మా గల్లీ ఆడవాళ్లం కూర్చుని కితాబు చదువుకుంటాం. ఈ వారం నా వంతు. కష్టంలో కూడా అల్లాకు శుకర్ చెప్పుకునేవాళ్ల గురించి చదివాను. అదే సంచిలో నీ ఉత్తరం ఉంది. లేచే చేయిని లేవదని చెప్పమంటావు. బాగున్నదాన్ని బాగా లేనని చెప్పమంటావు. నాకు జబ్బు ఇచ్చినవాడే నన్ను బతికించాడు. ఆయన ముందు రోజుకు ఐదుసార్లు నిలబడేదాన్ని, సర్కారు డాక్టరు ముందు అబద్ధం ఎట్లా చెప్పను? చెవుల కోసం నువ్వు వెళ్లినప్పుడు అక్కడ ఏం చెప్పి వచ్చావో నాకు తెలియదు. నేను అడగలేదు, ఇప్పుడూ అడగను. నా చేత మాత్రం కాదు.

నర్సమ్మ చెప్పిన కసరత్తు వదలడం లేదు. గోడ దగ్గర నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. ఎక్కడిదాకా వెళితే అక్కడ యుస్రా సుద్దముక్కతో గీత గీస్తుంది. డిసెంబరులో గీత నా మోచేతి ఎత్తులో ఉండేది. ఇప్పుడు భుజానికి నాలుగు వేళ్ల కింద ఉంది. చెమటలు పట్టి కూర్చుండిపోతాను, ఆ తర్వాత సగం రోజు చేయి పనికి రాదు, కాని గీత పైకి పోతోంది. యుస్రా "అమ్మీ, పరీక్షల్లో నీకే ఫస్టు" అంటుంది.

తేదీ వచ్చింది. ఈ నెల 18న జిల్లా దవాఖానలో.

నీ ఆపా


బోధన్,
11 ఫిబ్రవరి 2025.

హుస్నా బేగం గారికి,

గాజులు పార్సిల్ చేశాను. రెండు పది, కుడి చేతికి ఆరు. మీరు అడిగిన ఆకుపచ్చవే.

నా సర్టిఫికెట్ ఎట్లా వచ్చిందో మీరు అడగనన్నారు కాబట్టి నేనూ చెప్పను. 18న క్షేమంగా వెళ్లి రండి.

రుక్సానా


నారాయణఖేడ్,
24 ఫిబ్రవరి 2025.

నా రుక్సానాకు,

గాజులు అందాయి, సరిగ్గా సరిపోయాయి. నన్ను "గారు" అన్నావు. మన అమ్మ కూడా నన్ను అంత మర్యాదగా పిలవలేదు. కోపం దిగలేదని అర్థమైంది. దిగేదాకా రాస్తూనే ఉంటాను.

18న వెళ్లాం. మీ దూల్హాభాయి ఆటో ఆపేసి వచ్చాడు. జనం చాలామంది. నా ముందు కిష్టవ్వ అని మనూర్ వైపు ఆమె, ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. పొద్దున్నుంచి ఇద్దరం ఆమె తెచ్చిన సద్దిలోనే తిన్నాం.

నా వంతు వచ్చేసరికి డాక్టరు చాలా అలసిపోయి ఉన్నాడు. బురఖా చేయి మోచేతి దాకా జరిపి చూపించాను.

"నొప్పున్నదా అమ్మా?"

"అల్లా దయ, బాగున్న సార్."

"చెయ్యి పక్కకు లేపు."

బిస్మిల్లా అని లేపాను. భుజం దాకా వచ్చింది. "ఇంక లేస్తదా?" అన్నాడు. కళ్లు మూసుకుని ఇంకా లేపాను. రుక్సానా, గోడ మీద యుస్రా గీసిన గీతలన్నీ దాటింది! ఆపరేషన్ తర్వాత అంత పైకి ఎప్పుడూ లేవలేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. "శబాష్, మంచిగ కసరత్తు చేసినవ్. గీ ఆపరేషన్ అయినోళ్లు గింత లేపరు" అన్నాడు. ఏదో రాసుకున్నాడు. సంతోషంతో బయటికి వచ్చాను.

తలుపు సందులోంచి చూసిన కిష్టవ్వ మాత్రం నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా బిడ్డా, జెండా లేపినట్టు గట్ల లేపితివేంది! ఇగ నీకేం ఇస్తరు?" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇచ్చేవాడు డాక్టరు కాదు కదా.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు చేయి కదల్చలేకపోయాను, అందుకే ఉత్తరం ఆలస్యమైంది. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా తొందరేమీ లేదు. నవంబరులో తెచ్చిన గోళీలే ఇంకో రెండు వారాలు వస్తాయి.

రంజాన్ దగ్గరకొచ్చింది. నీ పేరు మీద కూడా దువా చేస్తాను.

నీ ఆపా


బోధన్,
5 మార్చి 2025.

ఆపా,

రోజా ఉన్న మనిషి కోపంగా ఉత్తరం రాయకూడదంటారు. అందుకని ఇఫ్తార్ అయ్యాక కూర్చున్నాను.

రెండు సంగతులు. మొదటిది నా చెవుల గురించి. నువ్వు అడగనన్నావు, నేను చెప్పనన్నాను. ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది.

నాకు మొదటిసారి సర్టిఫికెట్ రాలేదు. నీకు తెలియదు, ఎవరికీ తెలియదు, అనీస్‌కు తప్ప. పద్నాలుగేళ్ల కిందటి మాట. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమన్నారు. నా ఎదురుగా అద్దం. అద్దంలో అవతల కూర్చున్నామె చేయి కనిపిస్తోంది. ఆమె మిషను మీట తిప్పినప్పుడల్లా నేను నొక్కాను. ఒక్కటి కూడా తప్పలేదు. ఎందుకు నొక్కావంటే ఏం చెప్పను? పరీక్ష అన్నారు. పరీక్షలో తప్పకూడదని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. చెవిటిదాన్ని అని నలుగురి ముందు ఓడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. "బాగానే వినబడుతోంది" అని రాసి పంపేశారు. బయటికి వచ్చి నేనూ నీలాగే నవ్వాను. అనీస్ ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. అప్పుడు ఏడ్చాను. రెండేళ్లు పట్టింది మళ్లీ వెళ్లడానికి.

అందుకే లేపకు అని రాశాను. అబద్ధం చెప్పమని కాదు. నువ్వు అక్కడ చూపించిన చేయి ఏడాదిలో ఒక్క నిమిషం లేచిన చేయి. తర్వాత నాలుగు రోజులు పడిపోయిన చేయిని ఆ డాక్టరు చూశాడా? ఏది నిజం, ఆపా? నీకు నలభై రావు. ఫలితం రాకముందే చెబుతున్నాను.

రెండోది. నవంబరు నడుమ తెచ్చిన గోళీలు రెండు నెలలకని జనవరిలో రాశావు. జనవరి నడుమకు అయిపోవాలి. మార్చి దాకా వస్తాయని ఇప్పుడు రాశావు. లెక్కలు నాకు బాగా వచ్చు, గాజులు డజన్లలో అమ్ముతాను. రోజు విడిచి రోజు వేసుకుంటున్నావు. కాదని రాయగలవా?

నోటితో నీ కష్టం నువ్వు ఎవరికీ చెప్పలేవు, నాకు తెలుసు. అల్లా దయ బాగున్నా అనేది నీకు ఊపిరిలాంటిది. నాకు రాసి పంపు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆ చేయి ఏం చేయలేదో రాయి. శుకర్‌లు, దువాలు కలపకుండా రాయి. ఒక్క రోజు సంగతి చాలు.

నీ రుక్సానా


నారాయణఖేడ్,
19 మార్చి 2025.

రుక్సానా,

నూటికి ఇరవై ఎనిమిది వచ్చింది. బస్వరాజ్ చదివి చెప్పి, "గింత తక్కువెందుకేసిండ్రు అక్కా?" అన్నాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అద్దం సంగతి చదివాను. నీ చెవుల గురించి నేను రాసిన మాటకు నన్ను క్షమించు. నేను నీకు అక్షరాలు దిద్దించాను, పరీక్ష అంటే భయమూ నేనే దిద్దించినట్టున్నాను.

నువ్వు అడిగింది వేరే కాగితం మీద రాస్తున్నాను. ఇట్లా రాయడం నాకు అలవాటు లేదు. తప్పుంటే దిద్దుకో.

పడుకున్నచోటు నుంచి లేవాలంటే ఎడమ పక్కకు దొర్లి, మంచం పట్టె పట్టుకుని లేస్తాను. కుడి చేయి దిండు మీద పెట్టుకుని పడుకుంటాను. పొద్దున అది నా చేయిలా ఉండదు, ఎవరో పక్కన పెట్టి వెళ్లిన మూటలా ఉంటుంది. వేళ్లు మూయడానికి అరగంట పడుతుంది.

నమాజుకు ముందు వజూకు నీళ్లు ఎడమ చేతితోనే పోసుకుంటాను. నేలకు వంగే సజ్దాలో కుడి అరచేయి మీద బరువు ఆనదు. ఎడమ చేయి మీద లేస్తూ రెండుసార్లు పక్కకు ఒరిగిపోయాను. ఇప్పుడు గోడ పక్కన నమాజు చదువుతాను.

నా జుట్టు యుస్రా దువ్వుతుంది. జడ వెనక్కి నా చేయి పోదు. తను కాలేజీకి తొందరగా వెళ్లిన రోజు దువ్వుకోను, తల మీద కొంగు ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

నా కుర్తాలన్నిటికీ కుడి చేయి కుట్లు విప్పించి, చంకలో ముక్క వేయించి, నాలుగు వేళ్ల వెడల్పు పెంచించాను. ఆ కుట్లు నేను వేయలేదు, పక్క గల్లీ దర్జీకి ఇచ్చాను. ముప్పై ఏళ్లు ఊరి బట్టలు కుట్టినదాన్ని, నా చేయి కొలత ఇంకొకరికి ఇచ్చాను. కత్తెర రంధ్రంలో బొటనవేలు దూరదు.

జొన్న రొట్టె కొట్టలేను. రెండు దెబ్బలకే భుజం నుంచి వేళ్లదాకా గుంజుతుంది. ఇప్పుడు మీ దూల్హాభాయికి అన్నమే. ఆయన ఏమీ అనడు. బయట ఎక్కడైనా రొట్టె తిని వచ్చిన రోజు నాకు చెప్పడు, కాని అన్నం తక్కువ తింటాడు.

బట్టలు పిండలేను. తాడు మీద ఆరేయలేను, మంచం మీద పరుస్తాను. నిండు బిందె ఎత్తలేను. పై అరలో ఉన్న ఖురాన్‌ను దించడానికి యుస్రాను పిలుస్తాను. దాన్ని కింది అరలో పెట్టడానికి మనసొప్పలేదు.

గోళీ నవంబరు నుంచే రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. పోయిన వారం నుంచి అదీ లేదు. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంతే. చాలా ఉంది గాని చేయి గుంజుతోంది. ఈ కాగితం మూడు రోజులు రాశాను.

హుస్నా


నారాయణఖేడ్,
10 ఏప్రిల్ 2025.

రుక్సానాకు,

పండుగ బాగా జరిగిందని తలుస్తాను. నువ్వు పంపిన మనియార్డరు అందింది. గోళీలు తెప్పించుకున్నాను, రోజూ వేసుకుంటున్నాను. నీ రుణం ఎట్లా తీరుతుందో తెలియదు.

అయితే పండుగ ముందు వచ్చిన కవరులో నా కాగితమే నాకు తిరిగి వచ్చింది. వేరే ఒక్క ముక్క కూడా లేదు. చదివి అసహ్యం కలిగిందా? ఇట్లాంటి రాత ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదనుకున్నావా? రాయమన్నది నువ్వే. యాభై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషి ముందు నా మీద నేను జాలిపడ్డాను. ఆ కాగితం విప్పకుండానే పెట్టె అడుగున పెట్టేశాను.

నువ్వు బాగుండాలి.

హుస్నా


బోధన్,
16 ఏప్రిల్ 2025.

ఓ పిచ్చి ఆపా,

ఆ కాగితం తీసి వెనక్కి తిప్పు! ఆఖరు పేజీ వెనక రాశాను. పోస్టాఫీసు మూసేస్తారని అనీస్ తలుపు దగ్గర నిలబడి చేతులు ఊపుతుంటే, వేరే కాగితం వెతికే టైము లేక దాని వెనకే రాసి కవరులో పెట్టాను. తిప్పి చూడకుండా ఇన్ని రోజులు ఏడ్చావా?

ఏం రాశానో మళ్లీ రాస్తున్నాను. నువ్వు పెట్టెను తెరిచే రకం కాదు. "ఆపా, ఇది చదివి నాకు రెండు రోజులు దుకాణం తెరవబుద్ధి కాలేదు. ఇది నా దగ్గర ఉంటే పని లేదు. మళ్లీ చూడమని అర్జీ పెట్టు. ఈ కాగితం డాక్టరు చేతిలో పెట్టు. నువ్వేమీ చెప్పకు, కాగితం చెబుతుంది." అంతే రాసింది.

అసహ్యమా? నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో నువ్వు ఉన్న ఉత్తరం ఇదొక్కటే.

రుక్సానా


నారాయణఖేడ్,
1 జూన్ 2025.

నా రుక్సానాకు,

ఎండలు తగ్గాయి, నిన్న నాలుగు చినుకులు పడ్డాయి. కల్హేర్ వైపు బాగానే కురిసిందట, మీ దూల్హాభాయి బురదతో వచ్చాడు.

బస్వరాజ్ మళ్లీ అర్జీ పెట్టించాడు. మే 27న పిలిచారు. ఈసారి డాక్టరమ్మ. కాగితం ఆమె ముందు పెట్టాను.

"ఏంది ఇది?"

"నాకు మాట్లాడరాదు డాక్టరమ్మా. రాసుకొచ్చిన."

ఆమె కాగితం తిప్పి చూసి నాకే ఇచ్చేసింది. "బయట గంతమంది ఉన్నరు. నేను చదువుకుంట కూసుంటే ఎట్ల? నువ్వే చదువు, జల్దీ."

నువ్వు కాగితం చెబుతుందన్నావు. చివరికి నా నోటితోనే చెప్పించింది. గురువారాలు నలుగురి ముందు కితాబు చదివే గొంతే, కాని ఆ రోజు నాకే వినబడలేదు. "గట్టిగ చదువమ్మా" అన్నది. చదివాను. తలుపు దగ్గర మీ దూల్హాభాయి ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రొట్టె మాట వచ్చినప్పుడు తల దించుకున్నాడు. ఖురాన్ అర మాట అయ్యాక ఆగిపోయాను. తర్వాతిది గోళీల మాట.

"అయిపోయిందా?" అన్నది డాక్టరమ్మ.

అయిపోయిందని చెప్పొచ్చు. కాగితం ఆమెకు కనబడదు. కాని అది అబద్ధం అవుతుంది.

"లేదు, ఇంకొక్క మాట ఉన్నది" అని అదీ చదివాను. తల ఎత్తలేదు.

 డాక్టరమ్మ లేచి నా దగ్గరికి వచ్చి, "చెయ్యి పక్కకు లేపు" అన్నది. నేను లేపలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు, ఆమెను అడిగాను.

"నొప్పితోనా డాక్టరమ్మా, నొప్పి లేకుండనా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నొప్పి మొదలయ్యే కాడ ఆపు" అన్నది.

ఆపాను. నడుము కన్నా జానెడు పైన ఆగింది. టేపుతో రెండు చేతులూ నాలుగు చోట్ల కొలిచింది, పిడికిలి పట్టించింది, బరువు పట్టించింది. నేను ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు.

బయటికి వచ్చాక మీ దూల్హాభాయి చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టి, తను తాగకుండా నిలబడ్డాడు.

"రోజూ అడిగిన గద, గోళీ ఏసుకున్నవా అని?"

"ఏసుకున్న రోజు ఏసుకున్న అన్న. ఏసుకోని రోజు అల్లా దయ అన్న."

"గందుకేనా నీకు రోజు విడిచి రోజు అల్లా యాదికొచ్చింది?" అన్నాడు. అంత కోపం ఆయనలో నేను ఇరవై ఆరేళ్లలో చూడలేదు. "నాకు చెప్పరాదు. కాగితానికి చెప్పవచ్చింది!" అని ఆటో దగ్గరికి వెళ్లిపోయాడు. చాయ్ చల్లారింది.  ఇంటికి వచ్చాక గోళీల పట్టీ తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి రోజూ తానే నీళ్లతో తెచ్చి, మింగేదాకా నిలబడుతున్నాడు. ఇప్పటికీ పెద్దగా మాట్లాడటం లేదు. కోపం దిగుతుందిలే.

నిన్న ఫలితం వచ్చింది. నూటికి నలభై ఆరు. పింఛను ఎప్పటి నుంచి వస్తుందో ఇంకా తెలియదు, అర్జీ ఆఫీసులో ఇచ్చాం. వస్తుందనే అంటున్నారు. యుస్రా కాగితం పూర్తిగా చదివి, కింద ఒక చోట ఆగింది. అక్కడ 'శాశ్వతం' అని ఉంది.

"అమ్మీ, అంటే ఇగ మంచిగ కాదా?"

ఆ మాట రావాలనే కదా మళ్లీ వెళ్లాను. వచ్చాక ఆ మాట మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. గోడ మీద గీతలు యుస్రా తుడవబోతే వద్దన్నాను. చేయి ఎంతవరకు లేస్తే అంతవరకు లేపుతూనే ఉంటాను, అది వేరే సంగతి. కాని అడిగిన పిల్లకు జవాబు చెప్పాలి.

"కాదు బేటా" అన్నాను. దాని వెనక ఇంకేమీ కలపలేదు.

ఆ సాయంత్రం పక్కింటి శంకరమ్మ గోడ మీదుగా, ఎప్పుడూ అడిగినట్టే, "ఎట్లున్నవే హుస్నా?" అన్నది. అడిగి, జవాబు కోసం ఆగకుండా పోతూనే ఉంది. నా జవాబు ఆమెకు పదేళ్లుగా తెలుసు కదా.

"చెయ్యి బాగ గుంజుతుంది శంకరమ్మా" అన్నాను.

ఆమె ఆగిపోయింది. చేతిలో చీపురు అక్కడే పడేసి, గేటు తీసుకుని లోపలికి వచ్చి, నా పక్కన గద్దె మీద కూర్చుంది. "ఏడ? చూపి" అన్నది.

నీ ఆపా,
హుస్నా